ఇంట్లోనే కారు సైలెన్సర్ మార్చుకోవచ్చా? ఎక్కడిదాకా చెయ్యి పెట్టాలి, ఎక్కడ ఆగాలి

హిందూపురం నుంచి మీవాడు మళ్ళీ వచ్చేశాడు. ఈ మధ్య నాకొచ్చే మెసేజ్‌లలో ఒకటే ప్రశ్న. "అన్నా, బయట దొరికే ఎగ్జాస్ట్ ఇంట్లోనే బిగించుకోవచ్చా? సౌండు అదిరిపోవాల, పవర్ పెరగాల." ధర్మవరం నుంచి అడిగారు, పెనుకొండ నుంచి అడిగారు, మా పక్క వీధి పిల్లోళ్ళు కూడా అడిగారు. సరే, ఈరోజు ఆ సంగతి మొదటి నుంచి చివరిదాకా చూసేద్దాం.

జవాబు ముందే చెప్పేస్తా. బిగించుకోవచ్చు. కానీ ఆ గొట్టం మీద కంటికి కనిపించని ఒక గీత ఉంటుంది. గీతకి వెనకవైపు మనం చెయ్యి పెట్టొచ్చు, ముందువైపు పెట్టకూడదు. ఆ గీత ఎక్కడుందో, ఏంటికి ఉందో అర్థమైతే ఈ ఎపిసోడ్ పని అయిపోయినట్టే.

ముందు కారు సంగతి. మన జిల్లాలో అసలైన స్పోర్ట్స్ కార్లు అంటే ఆదివారం పొద్దున్నే బెంగళూరు నుంచి లేపాక్షి దాకా ఒక రౌండ్ వేసి వెళ్ళిపోయేవాళ్ళవే. మన ఇళ్ళ ముందు ఉండేవి టర్బో పెట్రోల్ కార్లు. అందులో చాలావరకు మన ఊరి పక్కనే పుట్టినవి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. అప్పటి 1.4 లీటర్ టర్బో ఇంజిన్ ఇచ్చేది 140 పీఎస్. 2023లో దాని స్థానంలో వచ్చిన 1.5 లీటర్ టర్బో ఇచ్చేది 160 పీఎస్. పేరుకి స్పోర్ట్స్ కారు కాకపోయినా కుర్రాళ్ళకి సరదా పుట్టించడానికి ఆ నంబర్లు చాలు. ఈరోజు మనం పని చేసే కారు నా ఫ్రెండ్‌ది, అలాంటి టర్బో పెట్రోల్ బండే. పొలం దారిలో రాయి తగిలి వెనక సైలెన్సర్ డబ్బా సొట్టపోయింది, అతుకు దగ్గర పగులు వచ్చింది. ఎలాగూ మార్చాలి కాబట్టి బయటి కంపెనీది తెప్పించాం. ఇక్కడ చెప్పే లెక్క మీ కారు ఏదైనా దాదాపు అదే.

ఇప్పుడు కారు కింద దూరి గొట్టాన్ని ముందు నుంచి వెనక్కి చూద్దాం. ఇంజిన్‌లో కాలిన గ్యాస్ ముందు టర్బోలోకి పోతుంది. టర్బో దగ్గర పెట్రోల్ ఇంజిన్ గ్యాస్ వేడి, బాగా తొక్కినప్పుడు 800 డిగ్రీలు దాటుతుంది. టర్బోకి ఆనుకునే కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, మెకానిక్‌లు క్యాట్ అంటారు. దానికి ముందొక ఆక్సిజన్ సెన్సార్, తర్వాత ఇంకొకటి. అక్కడి నుంచి పొడుగు గొట్టం, మధ్యలో చిన్న డబ్బా, అది రెసొనేటర్. చివర్లో పెద్ద డబ్బా, అదే మనం సైలెన్సర్ అనేది. దాని తర్వాత బయటికి కనిపించే తోక. చాలా కార్లలో బంపర్‌కి ఉండే మెరుపు గొట్టాలు ఒట్టి అలంకారమే, అసలు గొట్టం లోపల ఎక్కడో కిందికి వంగి ఉంటుంది. కావాలంటే ఫోన్ టార్చి వేసి చూడండి.

మనం అనుకున్న గీత రెండో ఆక్సిజన్ సెన్సార్ దాటాక ఉంటుంది. దాని తర్వాత కారు కింద ఇంకో డబ్బా కనిపిస్తే వెంటనే సైలెన్సర్ అనేసుకోకండి. కొన్ని బీఎస్-6 కార్లలో అది రెండో క్యాట్ కావచ్చు, మసిని పట్టే ఫిల్టర్ కావచ్చు. డీజిల్ అయితే ఆ ఫిల్టర్ తప్పకుండా ఉంటుందనే అనుకోండి. పొగని శుభ్రం చేసే సామానంతా అయిపోయాక మొదటి జాయింట్ ఏదైతే ఉందో, అదే గీత. దానికి వెనకున్నదంతా శబ్దం కోసం. ముందున్నది ఊపిరి కోసం.

ఊపిరి అని ఊరికే అనలేదు. క్యాట్ లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాల పూత ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది, కాలకుండా మిగిలిన పెట్రోల్‌ని కాల్చేస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్‌లని మామూలు నైట్రోజన్‌గా విడగొడుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. తల నొప్పి, తల తిరుగుడు, ఆ తర్వాత నిద్ర. క్యాట్ తీసేసిన కారుకి మధ్యలో ఎక్కడైనా లీకు కూడా ఉంటే, ఆ గ్యాస్ నేరుగా కారులోకి దూరుతుంది. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లకి నిద్ర తేడా ఎవరికి తెలుస్తుంది చెప్పండి?

"క్యాట్ తీసేస్తే చెక్ ఇంజిన్ లైట్ వస్తుంది కదన్నా, దానికి ఒక చిన్న ముక్క పెడితే రాదంట కదా" అని కొందరు అంటారు. అవును, అలాంటివి అమ్ముతారు. నేను కొన్నేళ్ళు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేశాను కాబట్టి ఆ భాషలోనే చెప్తా. రెండో సెన్సార్ పని క్యాట్ బాగా పనిచేస్తోందా లేదా అని ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పడం. లేదు అంటే పీ0420 అనే కోడ్ వస్తుంది. ఆ సెన్సార్‌ని మోసం చేయడమంటే, సర్వర్ తగలబడుతుంటే అలర్ట్ మ్యూట్ చేసి ఇంటికెళ్ళి పడుకోవడం. మంట ఆరలేదు, మీకు తెలియకుండా పోయిందంతే. ఇంకొక మాట గుర్తుపెట్టుకోండి. "క్యాట్ తీసి స్ట్రెయిట్ పైప్ పెడతాం, లేబర్ ఫ్రీ, పాత సామాను మాకిచ్చేయండి" అని ఎవరైనా అంటే, ఆ ఫ్రీకి కారణం ఆ పాత డబ్బాలో ఉన్న విలువైన లోహాలే.

ఇక పవర్ సంగతి. మన కుర్రాళ్ళు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఈ ఆశ మీదే. గొట్టం లావైతే గ్యాస్ సులువుగా పోతుంది, కాబట్టి పవర్ పెరుగుతుంది అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ కాలం టర్బో కారులో ఎంత టార్క్ ఇవ్వాలో ముందే నిర్ణయించేది ఇంజిన్ కంప్యూటర్. మీరు పెడల్ తొక్కితే అది ఇంత టార్క్ కావాలి అని లెక్క వేసుకుని, దానికి సరిపడా టర్బో గాలిని కొలిచి ఇస్తుంది. వెనక గొట్టం సులువైతే, అదే టార్క్‌ని టర్బో ఇంకాస్త తేలిగ్గా ఇస్తుంది. లెక్క మాత్రం మారదు. కాబట్టి ఒట్టి వెనక సైలెన్సర్ మారిస్తే పవర్‌లో వచ్చే తేడా సీట్లో కూర్చున్నవాడికి తెలిసేంత ఉండదు. తెలిసినట్టు అనిపిస్తే అది చెవి చేసే మాయ. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు అనిపిస్తుంది.

ఆ శబ్దం గురించీ కొంచెం లెక్క చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2250 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే సెకనుకి 75 సార్లు పేలుతుంది. అంటే 75 హెర్ట్జ్. ఎన్‌హెచ్ 44 మీద నింపాదిగా టాప్ గేర్‌లో పోయేటప్పుడు చాలా కార్లు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ఆ మందమైన గుయ్‌య్ శబ్దం కారు డబ్బాలో పట్టుకుంటే వదలదు, దాన్నే డ్రోన్ అంటారు. వీధిలో రెండు నిమిషాలు వింటే మజాగా ఉంటుంది. పెనుకొండ నుంచి హైదరాబాద్ దాకా వింటే తల పగిలిపోతుంది. దీన్ని మింగడానికే కంపెనీవాళ్ళు రెసొనేటర్ పెడతారు. బయట ఎక్కువగా చేసే చవక పని ఆ రెసొనేటర్‌ని కోసేయడం. దాని బదులు పక్క గొట్టం పెట్టి 75 హెర్ట్జ్‌ని ఆపాలంటే, వేడి గ్యాస్‌లో శబ్దం వేగాన్ని బట్టి దాదాపు ఒకటిన్నర మీటర్ పొడుగు గొట్టం కావాలి. కారు కింద అంత చోటు ఏది? అందుకే ఆ చిన్న డబ్బాని తక్కువగా చూడకండి, వదిలేయండి.

ఇప్పుడు చట్టం. కొంచెం బోరు, కానీ జేబుకి సంబంధించింది కాబట్టి వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, దాంతోపాటు మూడు నెలలు లైసెన్స్‌కి సెలవు. వైజాగ్‌లో, హైదరాబాద్‌లో పోలీసులు మోత సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పరిచి రోడ్ రోలర్ ఎక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. అవి ఎక్కువగా బైకులవే, కానీ చట్టం రెండింటికీ ఒకటే.

కాబట్టి రోడ్డు మీద తిరిగే కారుకి నా రూల్ ఒకటే. కొత్త సైలెన్సర్ పాతదాని స్థానంలో, పాతదానంత నెమ్మదిగా పని చేయాలి. మోత కావాలంటే దానికి చోటు రేస్ ట్రాక్. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. బండిని అక్కడికి తీసుకెళ్ళి మార్చుకుని, తిరిగి పాతది బిగించుకుని రండి. పాత డబ్బాని పాత సామాన్లవాడికి అమ్మేయొద్దు. వారంటీ విషయం, ఇన్సూరెన్స్ విషయం కూడా ముందే కనుక్కోండి. మార్పు చేశామని చెప్పకుండా దాచిపెడితే గొడవ క్లెయిమ్ రోజున మొదలవుతుంది.

సరే, పనిలోకి దిగుదాం. కొనేటప్పుడు మీ కారు మోడల్‌కి, అదే ఇంజిన్‌కి బోల్ట్‌తో బిగిసేది చూసుకోండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. కంపెనీ గొట్టాలు ఎక్కువగా 409 రకం స్టీలు, అయస్కాంతం పట్టుకుంటుంది. 304 రకం తుప్పుకి బాగా ఆగుతుంది, దానికి అయస్కాంతం దాదాపు అంటుకోదు. 304 అని డబ్బు తీసుకుని 409 అంటగట్టేవాళ్ళని అలా పట్టుకోవచ్చు.

రెండోది, కారు ఎత్తడం. ఈ ఎపిసోడ్‌లో ఇంకేమీ గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి కాదు. జాకీ మీద నిలబడ్డ కారు కింద తల పెట్టకూడదు, చెయ్యి కూడా పెట్టకూడదు. ఇటుకలు, సైజురాళ్ళు పేర్చి దాని మీద నిలబెట్టేవాళ్ళని చూశాను. ఇటుక ముందు చెప్పి పగలదు. ఒక జత జాకీ స్టాండ్లు కొనండి, సైలెన్సర్ ధరలో అది చాలా చిన్న ముక్క. మన ఇళ్ళ ముందు పరిచే నాపరాయి మీద బరువంతా ఒక్క చోట పడితే పగిలిపోతుంది, కాబట్టి కింద మందమైన ప్లైవుడ్ ముక్క వేయండి. నేల సమంగా ఉండాలి. ముందు చక్రాలకి రెండువైపులా అడ్డు పెట్టండి, గేర్‌లో ఉంచండి. స్టాండ్లు పెట్టాక కారుని పక్క నుంచి గట్టిగా ఊపి చూడండి. ఇప్పుడే కదిలితే మంచిదే, మీరు కింద లేరు కదా. ఒంటరిగా చేయొద్దు. ఇంట్లో ఎవరో ఒకరు పిలుపు దూరంలో ఉండాలి.

ఇంజిన్ ఆపి రెండు మూడు గంటలు చల్లారనివ్వండి. తుప్పు పట్టిన బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి పెట్టండి. రాకపోతే మంట పెట్టి వేడి చేసే ఆలోచన ఇంట్లో వద్దే వద్దు. పెట్రోల్ ట్యాంక్ ఆ పక్కనే ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, తుప్పు నేరుగా కంట్లోనే పడుతుంది.

బోల్టు విప్పే ముందు సైలెన్సర్ కింద రెండో జాకీ, దాని మీద చెక్క ముక్క పెట్టి బరువు ఆపండి. పది కిలోలకి పైగా ఉండొచ్చు, మొహం మీద పడితే తమాషా కాదు. తర్వాత జాయింట్ బోల్టులు విప్పండి. అప్పుడు రబ్బర్ హ్యాంగర్లు. అవి మొండికేస్తే సబ్బు నీళ్ళు రాయండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి పాడైపోతుంది. కొన్ని కార్లలో గొట్టం వెనక యాక్సిల్ బీమ్ పైనుంచి పోతుంది, ముందు నుంచి చివరిదాకా ఒకే ముక్కగా ఉంటుంది. అలాంటప్పుడు కోసి వెల్డింగ్ చేయాలి. అక్కడితో ఇంటి పని అయిపోయింది. వెల్డింగ్ చేసే మంచి షాపులు హిందూపురంలోనూ ఉన్నాయి, ధర్మవరంలోనూ ఉన్నాయి, అక్కడికి తీసుకెళ్ళండి. ఇంట్లో గ్రైండర్ పట్టుకుని కారు కింద దూరొద్దు.

కొత్తది బిగించేటప్పుడు ముందు అన్నీ చేత్తోనే వదులుగా పెట్టండి. కొత్త గ్యాస్కెట్ తప్పనిసరి, పాతది బాగుందనిపించినా పారేయండి. హ్యాంగర్లకి తగిలించి, తోక నిటారుగా ఉందా అని వెనక నిలబడి చూసి, అప్పుడు ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటీ బిగించండి. ఇప్పుడు మన లేపాక్షి టెస్ట్. వేలాడే స్తంభం కింద అందరూ గుడ్డ దూర్చి లాగుతారు కదా, అలాగే సైలెన్సర్ చుట్టూ మడత పెట్టిన గుడ్డ దూర్చి లాగండి. బంపర్, వేడి ఆపే రేకు, బ్రేక్ పైపు, పెట్రోల్ పైపు, ఎక్కడా ఇరుక్కోకుండా సులువుగా రావాలి. ఏంటికంటే రెండు మీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టం 200 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా సరిపోయింది వేడిలో తగులుకుని కటకట మంటుంది.

తర్వాత లీకు టెస్ట్. ఇది ఆరుబయట మాత్రమే, షెడ్డులో తలుపులేసి ఎప్పుడూ చేయకండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, జాయింట్ మీద సబ్బు నీళ్ళు చల్లి బుడగలు వస్తున్నాయేమో పక్క నుంచి చూడండి. బుడగలు వస్తే ఆపి, చల్లార్చి, మళ్ళీ బిగించండి. మొదటిసారి వేడెక్కినప్పుడు తయారీలో మిగిలిన నూనె కాలి కాస్త పొగ వస్తుంది, భయపడకండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక చల్లగా ఉన్నప్పుడు బోల్టులు ఇంకోసారి బిగించండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

చివరిగా ఫోన్‌తో ఒక పరీక్ష. సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, తోక నుంచి అర మీటర్ దూరంలో, 45 డిగ్రీల పక్కగా ఫోన్ పెట్టి, ఒకే ఆర్‌పీఎమ్‌లో పాత సైలెన్సర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కొలవండి. పాతది విప్పకముందే కొలవాలి సుమా. ఫోన్ చెప్పే నంబర్ ఖచ్చితం కాదు, కానీ రెండింటి మధ్య తేడా పనికొస్తుంది. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దం శక్తి రెట్టింపైనట్టు. పది పెరిగితే చెవికి దాదాపు రెండింతలు వినిపిస్తుంది. మా ఫ్రెండ్ కారుకి పగులు రాకముందు ఎప్పుడో కొలిచి పెట్టుకున్న లెక్కతో పోలిస్తే తేడా ఒక డెసిబెల్ కూడా లేదు. వాడు కొంచెం నిరాశ పడ్డాడు. నేను మాత్రం పని బాగా కుదిరిందన్నాను.

ఎందుకంటే మనది పెద్ద నగరం కాదు. నివాస ప్రాంతాల్లో రాత్రి పది తర్వాత ఉండాల్సిన శబ్దం 45 డెసిబెల్స్ అని నిబంధన. ఆసుపత్రి, బడి చుట్టూ వంద మీటర్లలో ఇంకా తక్కువ, 40. ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్నాయన పొద్దున్నుంచి ఆ చప్పుడు వినీ వినీ, రాత్రయినా కాస్త నెమ్మది కోరుకుంటాడు. పెనుకొండలో రాత్రి షిఫ్ట్ చేసి పగలు పడుకునే కుర్రాడు ఉంటాడు. వాడు మన ప్రేక్షకుడే కావచ్చు, మీ కారు గొట్టం బిగించింది వాడే కావచ్చు. అంత జాగ్రత్తగా బిగించిన సామానుని తెలిసి విప్పుదాం, తెలిసి బిగిద్దాం. పని నేర్చుకోవడంలో ఉన్న మజా మోతలో లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో బ్రేక్ ప్యాడ్‌లు ఇంట్లో మార్చడం చూద్దాం. జాకీ స్టాండ్లు కొన్నవాళ్ళు దాచిపెట్టుకోండి, అప్పుడూ అవే కావాలి. ఉంటా మరి, నమస్తే.